క్షమించే వేషం ఆయనదే

మా సార్ పోయిన పదకొండో రోజున కాలేజీ హాల్లో సంతాపసభ జరిగింది. పాత విద్యార్థినిగా నన్నూ అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. నాకంటే ముందు లేచిన ముగ్గురూ ఒకే మాట చెప్పారు, ఆయన దగ్గర ఇంగ్లీషుతో పాటు క్షమించడం కూడా నేర్చుకున్నామని. నా వంతు వచ్చింది. నేనూ అదే చెప్పాను. ముందు వరసలో కూర్చున్న ఆయన కూతురు కళ్లు తుడుచుకుంది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం కాసేపు సందేహించి, చివరికి కొట్టారు. ఇంటికి చేరేదాకా నా మీద నాకే అసహ్యంగా ఉండింది.

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. సార్‌కు తెలుగు చదవడం రాదు. పుట్టింది తెలుగు ఇంట్లోనే అయినా అక్షరాలు తెలియవు. తమిళ బడుల్లో చదివిన మా వైపు చాలామంది సంగతి అంతే. నేను కూడా ఈ అక్షరాలు దిద్దుకున్నది ముప్పై దాటాకే. ఆయన బతికుండగా ఇది రాసి చేతికిచ్చినా, కళ్లద్దాలు సవరించుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇస్త్రీ చేసిన ఇంగ్లీషులో "ఇది నాకెందుకు?" అని తిరిగి ఇచ్చేసేవారు.

వేలూరులో మా కాలేజీ ఇంగ్లీషు శాఖకు ఆయన పెద్ద. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా పూర్తి చేతుల చొక్కా, మెడకు టై, అద్దంలా మెరిసే బూట్లు. చేతిలో నల్లటి కర్ర, దానికి వెండి పొన్ను. కాలు నొప్పి ఏమీ లేదు, కర్ర కావాలి కాబట్టి ఉండేది. క్లాసు గడప దగ్గర ఆగేవారు. మేమంతా లేచి, బల్లల చప్పుడు సద్దుమణిగి, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడనప్పుడే లోపలికి అడుగుపెట్టేవారు. ఒకసారి ఎవరో దగ్గితే, వెనక్కి తిరిగి మళ్లీ గడప దాకా వెళ్లి, మొదటి నుంచి వచ్చారు.

పేర్లు పెట్టి పిలిచేవారు కాదు. ఊళ్లు పెట్టి పిలిచేవారు. "అరక్కోణం, లేచి నిలబడు." "కాట్పాడి, నీ కళ్లు కిటికీలో ఏం చేస్తున్నాయి?" నేను పళ్ళికొండ. మూడేళ్లలో ఒక్కసారి కూడా నా పేరు ఆయన నోట వినలేదు. మాలో ఒకమ్మాయి ధైర్యం చేసి, సార్ నా పేరు ఇది అని చెప్పింది. "అది మీ నాన్న పెట్టుకున్నాడు. నాకేం సంబంధం?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

ఉచ్చారణ నేర్పేటప్పుడు అందరికీ చిన్న చిన్న కాగితం ముక్కలు పంచేవారు. పెదాల ముందు పట్టుకుని ఇంగ్లీషు 'ప' పలకాలి. దొరల 'ప'కు ఊపిరి తగిలి కాగితం కదులుతుంది. మన 'ప'కు కదలదు. ఎవరి కాగితం కదలకపోతే వాళ్లు గంట అయ్యేదాకా నిలబడాలి. "కాగితం కదలనంత కాలం నువ్వు ఇంకా మీ ఊళ్లోనే ఉన్నావు" అనేవారు. ఆ మాట ఎంతమందికి చెప్పారో. మా ఇంటి వెనక పశువుల కొట్టంలో నిలబడి, బస్సు టికెట్టును మూతి ముందు పట్టుకుని, ప ప ప అని నేను ఎన్ని సాయంత్రాలు ఊదానో నాకే తెలుసు. చివరికి కదిలింది. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆయన మీద కోపంతో ఇదంతా రాస్తున్నా, ఆ సంగతి దాచలేను.

ఆయనది గుడియాత్తం అని మాకందరికీ తెలుసు. నేత పని ఇల్లు. ఎవరూ ఆ ఊసు ఎత్తకూడదు. ఒకసారి ఆయన తమ్ముడు భుజాన లుంగీల మూట వేసుకుని కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. ముఖం చూస్తే చాలు, తమ్ముడని తెలిసిపోతుంది. "అన్నా, అమ్మకు ఒళ్లు బాలేదు, ఒకసారి వచ్చిపో" అని అతను తెలుగులో అడుగుతున్నాడు. ఈయన ఇంగ్లీషులో జవాబు చెప్తున్నారు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపి, మూట సర్దుకుని వెళ్లిపోయాడు. గేటు పక్కన సైకిళ్ల దగ్గర నిలబడి ఇదంతా చూసిన మేము నలుగురం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ప్రతి ఏడూ కాలేజీ వార్షికోత్సవానికి ఒకే నాటకం. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నాటకం. రాజ్యం పోగొట్టుకున్న ఒక ప్రభువు, చంటి కూతురితో పడవలో కొట్టుకుపోయి ఒక దీవికి చేరతాడు. అతనికి మంత్రవిద్య తెలుసు. ఆ దీవిలోనే పుట్టి పెరిగిన వాణ్ణి బానిసను చేసుకుంటాడు, వాడికి తన భాష నేర్పుతాడు, కట్టెలు మోయిస్తాడు. కొన్నేళ్లకు పాత శత్రువులు తుపానులో కొట్టుకొచ్చి అతని చేతికి చిక్కుతారు. పగ తీర్చుకోగలిగీ తీర్చుకోకుండా అందరినీ క్షమిస్తాడు. తన మీద తిరగబడ్డ బానిసను కూడా క్షమిస్తాడు. తర్వాత మంత్రదండం విరగ్గొట్టి, తన దేశానికి వెళ్లిపోతాడు. అదీ కథ.

నాటకం నడిపించేది సారే, ప్రభువు వేషం కూడా సార్‌దే. మంత్రదండంగా తన వెండి పొన్ను కర్రే వాడేవారు. విరగ్గొట్టాలని నాటకంలో ఉంది. ఆయన విరగ్గొట్టేవారు కాదు. మెల్లగా వంగి నేల మీద పెట్టేవారు. తెర పడగానే తీసుకుని, అంగీ అంచుతో దుమ్ము తుడిచేవారు.

తను చదువుకునే రోజుల సంగతి ఒకటి ఆయన ఏటా మాకు చెప్పేవారు. అప్పటికి కాలేజీలో ఒకే ఒక్క దొర ప్రొఫెసరు మిగిలాడట. ఆయన ఇదే నాటకం వేయించాడట. వేషాలు పంచుతూ, వెనక బెంచీలో ఉన్న ఈయన్ని వేలితో చూపించి, "బానిస వేషం నీది. నీకు మేకప్ కూడా అక్కర్లేదు" అన్నాడట. ఈ మాట చెప్పి సార్ పగలబడి నవ్వేవారు. దొర గొంతును ఎంత బాగా అనుకరించేవారంటే, మేమూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. "అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చాను" అని తన ప్రభువు అంగీని తట్టుకుని చూపించేవారు.

మేము ఆఖరి సంవత్సరంలో ఉండగా బానిస వేషానికి మునిరత్నాన్ని ఎంచుకున్నారు. గుడియాత్తంలో మగ్గం మీద బతికే ఇంటి పిల్లవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ముందుకు కాస్త వంగి నడిచేవాడు. క్లాసులో అందరికంటే బాగా చదివేవాడు. సార్ అతన్ని "గుడియాత్తం" అని పిలిచినప్పుడు మాత్రం ఆయన గొంతు కొద్దిగా మారేది. ఆ రోజు వేషాలు పంచుతూ మునిరత్నాన్ని పైనుంచి కిందకు చూసి, "నీకు మేకప్ అక్కర్లేదు" అన్నారు. అందరం నవ్వాం. మునిరత్నం నవ్వలేదు. ఆయన ఆగి, మునిరత్నం నవ్వుతాడేమోనని చూశారు. అతను నవ్వలేదు.

నాకు వేషం ఇవ్వలేదు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, మాట మరిచిపోయిన వాళ్లకు అందించే పని ఇచ్చారు. అందుకని నాటకమంతా నాకు నోటికి వచ్చేసింది.

రిహార్సల్సులో మునిరత్నం ఒకటే ప్రశ్న అడిగేవాడు. అక్కడ తమిళం గానీ తెలుగు గానీ మాట్లాడకూడదు. అయినా అతను తెలుగులోనే అడిగేవాడు, ఈయనకు అర్థమవుతుందని తెలుసు కాబట్టి.

"సార్, దీవి ఎవురిది?"

"ప్రభువుది."

"ఆయన వచ్చేదానికి ముందు?"

సార్ కర్రతో నేల మీద ఒక్కసారి తట్టారు. "నీ మాట చెప్పు. వన్స్ మోర్."

"చెప్తా సార్. దీవి ఈ బానిసోడు పుట్టిన జాగా. దాన్ని పెరుక్కున్నోడు ఆయప్ప. కట్టెలు మోయించినోడు ఆయప్ప. కడాకు క్షమించేది కూడా ఆయప్పేనా? ఈణ్ణి ఎవురూ ఒక మాట అడగలేదే సార్. మమ్మల్ని మన్నిస్తావా నాయనా అని ఎవురన్నా అడిగినారా?"

సార్ ముఖం ఎర్రబడటం నేను చూశాను. ఒక క్షణం ఆయన తెలుగులోనే ఏదో అనబోతున్నారని అనిపించింది. అనలేదు. "నటుడి పని నాటకాన్ని సరిదిద్దడం కాదు" అని ఇంగ్లీషులో అన్నారు. "వన్స్ మోర్."

వార్షికోత్సవం నాటి సాయంత్రం హాలు నిండిపోయింది. గుడియాత్తం నుంచి మునిరత్నం వాళ్ల వీధివాళ్లు పదిమంది దాకా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. మునిరత్నం అద్భుతంగా చేశాడు. కట్టెల మోపు మోస్తుంటే చూసేవాళ్ల మెడ నొప్పెట్టింది. చివరి ఘట్టం వచ్చింది. ప్రభువు వేషంలో ఉన్న సార్ చెయ్యి చాపి, బానిసను క్షమించారు. అప్పుడు బానిస మోకాళ్ల మీద కూర్చుని, ఇకనుంచి బుద్ధిగా ఉంటాను, మీ దయ కోసం పాటుపడతాను అన్న అర్థంలో ఒక్క వాక్యం చెప్పాలి.

మునిరత్నం మోకాళ్ల మీద కూర్చోలేదు. మాట చెప్పలేదు. నిలబడి ఆయన కళ్లలోకి చూస్తున్నాడు.

మరిచిపోయాడనుకుని నేను అందించాను. అతను కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అందించాను. మూడోసారి నా గొంతు రెండో వరసలో వాళ్లకు కూడా వినబడి ఉంటుంది. మునిరత్నం నా వైపు ఒకసారి తిరిగి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అతను మరిచిపోలేదని అప్పుడు నాకు తెలిసింది.

 చాపిన చెయ్యి అలాగే పట్టుకుని సార్ నిలబడ్డారు. ఎంతసేపని చెప్పను. తర్వాత ఏమీ జరగనట్టు ముందుకు నడిచి, నాటకం ఆఖర్న ప్రభువు ప్రేక్షకులను మన్నించమని వేడుకునే మాటలు ఎంత కమ్మగా చెప్పారంటే, ముందు వరసలో ఉన్న పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర పడింది. ఆయన కర్ర తీసుకుని, దుమ్ము తుడిచి, మునిరత్నం పక్కనుంచి పోతూ మెల్లగా అన్నారు: "గుడియాత్తం, రేపు పది గంటలకు ప్రిన్సిపాల్ రూముకు రా. పళ్ళికొండ, నువ్వు కూడా."

మర్నాడు ప్రిన్సిపాల్ బల్ల ముందు ముగ్గురం నిలబడ్డాం. మునిరత్నం మాట మరిచిపోయాడని ఒప్పుకుంటే అంతటితో వదిలేద్దామని ప్రిన్సిపాల్ అన్నాడు. మంచివాడు, గొడవలు ఇష్టం లేనివాడు. మునిరత్నం ఏమీ అనలేదు. అప్పుడు సార్ నన్ను అడిగారు.

"నువ్వు అందించావా?"

"అందించాను సార్."

"అతనికి వినబడిందా?"

ఆయన అడిగింది అంతే. నా సిఫారసు ఉత్తరం ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. టీచర్ ట్రైనింగులో సీటు రావాలంటే అది కావాలి. తెలియదు అనొచ్చు. తెర వెనక చీకటిగా ఉండింది, చూడలేదు అనొచ్చు.

"వినబడింది సార్" అన్నాను.

"సారీ చెప్పు" అన్నారు సార్ మునిరత్నంతో. "ఒక్క మాట. చెప్తే నీకూ ఉత్తరం రాస్తాను. నాకు నీ మీద పగ లేదు."

"తప్పు చేసింటే చెప్తా సార్" అన్నాడు మునిరత్నం.

అతని ప్రవర్తన పత్రంలో సార్ ఏం రాశారో నేను చూడలేదు. ఆ ఏడాది అతను ఎక్కడ దరఖాస్తు పెట్టినా ఆ పత్రం చూసి పక్కన పెట్టేశారని మాత్రం తెలిసింది. రెండేళ్లు తిరిగి, గుడియాత్తంలో వాళ్ల నాన్న మగ్గం మీదే కూర్చున్నాడు. నాకు ట్రైనింగు సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. అదీ ఎక్కడంటే గుడియాత్తం ఆడపిల్లల హైస్కూల్లో. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లోనే ఉంటున్నాను. మునిరత్నం బజార్లో ఎదురైతే "బాగుండావా?" అనేవాడు. "బాగుండా" అనేదాన్ని. అంతే.

సార్ రిటైరై కాట్పాడిలో ఇల్లు కట్టుకున్నారు. భార్య ముందే పోయింది. ఒక్కతే కూతురు, చెన్నైలో ఉద్యోగం. ఏ సభకు పిలిచినా వెళ్లి క్షమ గురించి మాట్లాడేవారు. కాలేజీలో తనను ఎదిరించిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, వాళ్లందరినీ క్షమించేశానని చెప్పేవారు. ఊళ్ల పేర్లు కాదు, పేర్లే. విచిత్రం ఏమిటంటే అందరి పేర్లూ ఆయనకు తెలుసు. మునిరత్నం పేరు కూడా.

ఆర్నెల్ల కిందట ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. సార్‌కు పక్షవాతం వచ్చిందనీ, చెన్నై నుంచి సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చూసుకుంటున్నాననీ చెప్పింది. ప్రాణం దక్కింది గానీ మాట మారిపోయిందట. "నాన్న ఏం మాట్లాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు ఆంటీ. ఇంగ్లీషు రావడం లేదు. తమిళం కూడా సరిగ్గా రావడం లేదు. ఏదో తెలుగులా ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ ఆ భాష వినలేదు. మీరు ఒకసారి రాగలరా?" అంది తమిళంలో. డాక్టరు ఇలా జరుగుతుందని చెప్పాడట. తర్వాత నేర్చుకున్నవి పోయి, మొదట నేర్చుకున్నది మిగులుతుందట కొందరికి.

వెళ్లాను. మంచం మీద బనియనుతో ఉన్నారు. ఆయన్ని బనియనులో చూడటం అదే మొదటిసారి. నన్ను చూసి, "ఎవురమ్మా నువ్వు? యాడ్నుంచి వచ్చినావు?" అన్నారు. అచ్చం మా నాయనమ్మ అడిగినట్టే. నేను పళ్ళికొండ అన్నాను. "పల్లికొండనా! కూసో కూసో. సంగటి తిన్యావా?" అన్నారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. కూతురికీ ఆయనకూ మధ్య కూర్చుని, ఆయన తెలుగును ఆమెకు తమిళంలో చెప్పేదాన్ని. నీళ్లు కావాలంటున్నారు, వీపు దురద పెడుతోందంటున్నారు, మీ అమ్మ యాడికి పోయినాదని అడుగుతున్నారు. కూతురు వినేది. ఒకరోజు అంది, "నాన్న ఇంత మెత్తగా మాట్లాడతారని నాకు తెలియదు."

ఒక ఆదివారం ఆయన తనంతట తనే దొర సంగతి ఎత్తారు. నేను నవ్వడానికి సిద్ధమయ్యాను. ఈసారి కథ వేరేగా వచ్చింది.

"మా అమ్మ వచ్చింది ఆ పొద్దు. ఎవురూ పిలవలా. బస్సెక్కి ఒకతే వచ్చి ఎనక వరసలో కూసునింది. నాకు చొక్కా లేదు. ఒళ్లంతా నూనె పూసినారు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకోని పాకతాండా. దొరలు నవ్వతాండారు, దొరసానులు నవ్వతాండారు. అయిపోయినాక అమ్మ నా చొక్కా చేతిలో పట్టుకోని వచ్చినాది. 'ఏసుకో నాయనా, సలి' అన్నింది."

బనియను అంచు వేళ్లతో తడిమారు. "ఎండాకాలమమ్మా. సలి యాడిది?"

జారిన దుప్పటిని నేను ఆయన కాళ్ల మీదికి లాగాను.

"నేను ఆయమ్మతో ఏమంటినో తెలుసునా? దొర పక్కనే ఉండాడని, 'గో' అంటి. ఇంగ్లీషులో. ఆయమ్మకు ఇంగ్లీషు రాదు గదా. ఆ మాట మాత్రం తెలిసిపోయినాది. చొక్కా ఆడ పెట్టేసి పోయినాది. మళ్లా కాలేజీ తట్టు రాలా."

ఏమంటున్నారని కూతురు అడిగింది. వాళ్ల అమ్మ గురించి చెప్తున్నారని మాత్రం అన్నాను. కొంతసేపటికి ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆ గుడియాత్తం పిల్లోణ్ణి పిలుచుకోని రామ్మా. మునిరత్నాన్ని" అన్నారు.

"ఎందుకు సార్?"

"మన్నించల్ల" అన్నారు.

ఎవరు ఎవరిని అని నేను అడగలేదు. మన భాషలో మన్నించాలి అన్న మాట రెండు వైపులకూ తిరుగుతుంది. అమ్మ కథ విన్న చెవులతో విన్నాను కాబట్టి నాకు ఒకే వైపు వినబడింది. ముసలితనంలో, తన భాషలోకి తిరిగి వచ్చి, ఈ మనిషి ఒకర్ని క్షమాపణ అడగబోతున్నాడు అనుకున్నాను. 

మర్నాడు బడి వదిలాక మునిరత్నం ఇంటికి వెళ్లాను. మగ్గం దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"నన్ను మన్నించమని అడగతాడా? ఆయప్పా?"

"అట్లే అన్నాడు. మన్నించల్ల అన్నాడు. నా చెవులతో విన్నా."

అతను చేతికంటిన నూలు పోగులు ఏరుకుంటూ కూర్చున్నాడు. వాళ్ల ఆవిడ లోపల్నుంచి, "పోయిరాప్పా. చావబోయే మనిషి పిలిస్తే పోకుండా ఉంటారా?" అంది. మునిరత్నం, "సరి. ఆదివారం వస్తా" అన్నాడు.

తెల్లచొక్కా వేసుకుని, నాలుగు బత్తాయిలు కొనుక్కుని వచ్చాడు. సార్ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కూతురు తలగడలు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టింది. సార్ అతన్ని చూస్తూనే ఉన్నారు. అరవై దగ్గర పడుతున్న మనిషి ముఖంలో ఆ పిల్లవాడి కోసం వెతుకుతున్నట్టు చూశారు.

"గుడియాత్తం" అన్నారు చివరికి.

"ఆఁ సార్."

"నిన్ను మన్నించినా పో."

మునిరత్నం నా వైపు తిరిగాడు.  సార్ ముఖంలో మాత్రం గొప్ప తృప్తి. చెయ్యి ముందుకు చాపారు. నాటకంలో చాపినట్టే, అరచెయ్యి కిందికి పెట్టి.

"ఇప్పుడన్నా చెప్పు" అన్నారు.

"ఏంది సార్ చెప్పేది?"

"ఆ మాట. ఆ పొద్దు చెప్పలే నువ్వు. జనమంతా చూసినారు. చెప్పు. చెప్పినాక పో."

మునిరత్నం కదల్లేదు. సార్ కాసేపు చూసి, తనే ఆ వాక్యం చెప్పబోయారు. పెదాలు కలుసుకున్నాయి, విడిపోయాయి. మాట రాలేదు. అది ఇంగ్లీషు వాక్యం. ఆయన దగ్గర ఇక లేదు. మళ్లీ ప్రయత్నించారు. కళ్లలో భయం కనిపించింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"నువ్వు అందీమ్మా. నీకు తెలుసు."

నాకు తెలుసు. మూడుసార్లు చీకట్లో నిలబడి అందించిన వాక్యం, ఏ అక్షరం మీద ఊపిరి ఎంత పడాలో కూడా నాకు తెలుసు. ఆయన నా ముఖంలోకి ఎలా చూస్తున్నారంటే, నేను ఒక్క ముక్క అంటే చాలు, మిగతాది తనకు దొరికిపోతుందన్నట్టు. ఆ వాక్యంతో పాటు, పోయిన భాష అంతా తిరిగి వచ్చేస్తుందన్నట్టు. నేను ఇస్తే మునిరత్నానికి ఏ నష్టమూ లేదు. అతను ఎలాగూ చెప్పడు. ఆ ముసలాయనకు కాస్త నెమ్మది దొరికేది.

"మరిచిపోయినా సార్" అన్నాను.

ఆయన నమ్మలేదు. నన్నే చూస్తూ ఉన్నారు.  "నాన్న ఏం అడుగుతున్నారు ఆంటీ?" అంది కూతురు. నీళ్లు అని చెప్పాను. ఆమె గ్లాసు తెచ్చింది.  మునిరత్నం లేచి గ్లాసు అందుకుని, ఒక చేత్తో సార్ తల పట్టుకుని, కొంచెం కొంచెంగా తాగించాడు. బనియను మీద ఒలికిన నీళ్లు తువ్వాలుతో తుడిచాడు. సార్ గోడ వైపు తిరిగి పడుకున్నారు. కూతురు మునిరత్నానికి దండం పెట్టి, "మీరు నాన్న స్టూడెంటా? నాన్న మీ గురించి చెప్పేవారు. మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశానని" అంది తమిళంలో.

"అట్లా చెప్పినారామ్మా?" అన్నాడు మునిరత్నం, ఆమె భాషలోనే. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాడు.

నేను సార్‌ను చూడటం అదే ఆఖరు. ఇంకో రెండు నెలలు బతికారు. కూతురు రెండు మూడు సార్లు ఫోన్ చేసింది. పరీక్షలు ఉన్నాయన్నాను. నిజానికి లేవు. నేను వెళ్లని ఆ ఆదివారాల్లో ఆయన ఏమేం మాట్లాడారో, అర్థం చేసుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ రోజు సార్ ఇంట్లోంచి బయటికి వచ్చాక మేమిద్దరం గుడియాత్తం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం. నీడ లేదు. మునిరత్నమే ముందు మాట్లాడాడు.

"నువ్వు చెప్పిందొకటి, ఆడ జరిగిందొకటి."

"నేను తప్పుగా అర్థం చేసుకున్నా."

"ఊఁ."

"అప్పుడు ప్రిన్సిపాల్ రూములో కూడా..." అన్నాను. ఎన్నేళ్లుగానో నోట్లో ఉన్న మాట. "వినబడిందని చెప్పకుండా ఉండింటే బాగుండేది."

"అబద్ధం చెప్పలేదు గదా. నాకు వినబడింది."

"చెప్పకుండా ఉండొచ్చు."

"ఉండొచ్చు" అన్నాడు. తల పక్కకు తిప్పి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"మునిరత్నం, నన్ను మన్నిస్తావా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. నన్ను బాధ పెట్టకూడదని ఆలోచిస్తున్నాడనుకున్నాను. కాదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

"లేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మా అమ్మ చచ్చేదాకా అడగతా ఉండింది, ఒక్క మాట చెప్పేసింటే నీకు ఉద్యోగం వచ్చేది గదా నాయనా, ఎందుకు చెప్పలేదు అని. నేనేం జవాబు చెప్పేది ఆయమ్మకు? ఆయన్నీ లేదు, నిన్నూ లేదు. అడిగినావు, అందుకని చెప్తాండా."

బస్సు వచ్చింది. జనం తొక్కుకుంటూ ఎక్కారు. కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంటే, నన్ను కూర్చోమని చేత్తో చూపించాడు. తను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు జనాన్ని నెట్టుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"రెండు గుడియాత్తం" అన్నాను నేను.

మునిరత్నం నా తల మీదుగా చిల్లర ఉన్న చెయ్యి చాపి, కండక్టరుతో, "నాది వేరే" అన్నాడు.